బుచ్చవ్వ చేతి ఉప్పు

తార్నాకలో కర్రీ పాయింట్లకు కరువు లేదు. ఏ సందులోకి తిరిగినా ఒక గాజు బీరువా, దాని వెనక స్టీలు గిన్నెలు, రబ్బరు బ్యాండ్లు వేసిన ప్యాకెట్లు కనిపిస్తాయి. జ్యోతిర్మయి కర్రీ పాయింట్ వాటిలో చిన్నది, బోర్డు మీద సగం అక్షరాలు వెలిసిపోయినది. అయినా సాయంత్రం కాగానే యూనివర్సిటీ హాస్టళ్ల పిల్లలు, గదుల్లో ఉండే బ్యాచిలర్లు, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చే ఆడవాళ్లు వరసకట్టి నిలబడేవారు. అదంతా బుచ్చవ్వ చేతి మహిమ. ఆ సంగతి అందరికీ తెలుసు. జ్యోతిర్మయికి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ ఇద్దరూ కలిసి ఒకప్పుడు ఫుట్‌పాత్ మీద బల్ల వేసుకొని మొదలుపెట్టిన వ్యాపారమే అది.

చలికాలం పోతూ పోతూ జ్యోతిర్మయిని బాత్‌రూములో జార్చి పడేసింది. కాలు విరిగి, పిండికట్టుతో బౌద్ధనగర్ ఇంట్లో మంచం పట్టింది. దుకాణం చూసుకోవడానికి సొంత మనిషి కావాల్సి వచ్చింది. ఆవిడ అన్న కూతురు భూమిక అక్కడికి దగ్గర్లోనే, యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎంబీఏ రెండో ఏడు చదువుతోంది. నాయకత్వం మీద పెట్టిన పరీక్షలో క్లాసుకంతా ఫస్టు వచ్చిన పిల్ల. మనుషుల్ని నడిపించడం ఎట్లాగో పేజీల కొద్దీ రాయగలదు. అప్పటిదాకా ఆమె నడిపించింది తన స్కూటీని మాత్రమే అనేది వేరే విషయం.

"గిన్ని దినాలు పుస్తకంల సదివినవ్ గదా బిడ్డా, గిప్పుడు చేసి చూపియ్యి. ఒక్కటే చెప్తున్న. దుకాణంల ఏది అటిటు అయినా మల్ల చూసుకుందాం. బుచ్చవ్వ మాత్రం పైలం. ఆమె లేకుంటే ఆ షట్టర్ లేపుడు కూడ వేస్టే" అంది జ్యోతిర్మయి.

భూమిక ఎగిరి గంతేసింది. సరిగ్గా అప్పుడే వాళ్ల ప్రొఫెసర్ నరహరి, ఈ సెమిస్టర్‌లో పుస్తకం మూసెయ్యండి, బయటికి పోయి నిజంగా ఏదైనా పని నడిపించి, అందులో ఏం నేర్చుకున్నారో వచ్చి చెప్పండి అన్నాడు. మిగతావాళ్లంతా ఎవరి దుకాణంలో దూరాలా అని తిరుగుతుంటే భూమికకు దుకాణమే ఎదురొచ్చింది.

నిజం చెప్పాలంటే మొదట్లో బాగానే చేసింది. గాజు బీరువా మార్పించింది. హాస్టళ్ల పిల్లలతో వాట్సాప్ గ్రూపు పెట్టి, మధ్యాహ్నమే ఆర్డర్లు తీసుకోవడం షురూ చేసింది. ప్యాకెట్లు కట్టి కౌంటర్లో నిలబడే రాజలింగు, నలభైకి దగ్గరపడుతున్న మనిషి, ఎవరినీ అంత తొందరగా మెచ్చుకోనివాడు, అతను కూడా "పోరి హుషారే" అన్నాడు. వస్తువులతో భూమికకు ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మనుషులతోనే.

ఒక సాయంత్రం రోజూ వచ్చే హాస్టల్ పిల్లవాడు ప్యాకెట్ వెనక్కి తెచ్చాడు. "అక్కా, పుంటికూర పప్పు నోట్ల పెట్టస్తలేదు. ఉప్పు కుప్ప పోసిన్రు" అన్నాడు. భూమిక రుచి చూసింది. వాడు అబద్ధం చెప్పలేదు. ఆ మర్నాడు వంకాయ కూర అంతే. తర్వాత రోజు సాంబారు అంతకన్నా ఘోరం.

బుచ్చవ్వ వండేటప్పుడు రుచి చూడదు. అమ్మే కూరను ఎంగిలి చెయ్యడం ఆమె దృష్టిలో పాపం. పొయ్యి మీద బగోన ఉడుకుతుంటే మూత తీసి, ఆవిరి మీదికి వంగి వాసన పట్టి, ఉప్పు ఎంత పడాలో చేతితో తేల్చేది. ఎన్నో ఏళ్లుగా ఆ ముక్కు ఆమెను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. ఈ చలికాలంలో ఆమెకు జ్వరం, దగ్గు వచ్చి చాలా రోజులు వదల్లేదు. తగ్గి వచ్చాక ఆవిరి మీదికి మునుపటికన్నా ఎక్కువసేపు వంగుతోంది. మళ్లీ వాసన చూస్తోంది. కాసేపు ఆగి ఇంకో గుప్పెడు వేస్తోంది. భూమిక ఇదంతా చూసింది, అర్థమూ చేసుకుంది. చేసుకొని ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

తప్పు చేసిన ఉద్యోగికి ఆ మాట ఎట్లా చెప్పాలి, ముందు ఏమనాలి, చివర ఏమనాలి, అన్నీ ఆమె పరీక్షలో రాసి మార్కులు కొట్టింది. కాని ఆ ప్రశ్నలో ఉద్యోగి తెల్లజుట్టు ముడి వేసుకొని, తనను చిన్నప్పుడు చంకనెత్తుకొని తిప్పిన అవ్వ అని ఎవరూ రాయలేదు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెంచిన ఇంట్లో పెరిగిన పిల్ల. గొంతు పెగిలితే కదా.

"అవ్వా" అని పిలిచేది.

"ఏంది బిడ్డా?" అని బుచ్చవ్వ చేతిలో గంటెతోనే వెనక్కి తిరిగేది. ఆ ముఖం చూడగానే భూమిక ధైర్యమంతా జారిపోయేది.

"ఏం లేదవ్వా. చాయ్ తాగుతవా?"

ఆ రోజుల్లో బుచ్చవ్వ తాగిన చాయ్‌లన్నీ అట్లా వచ్చినవే. "భూమికకు నేనంటే ఎంత పావురమో, గడియగడియకు చాయ్ తెప్పిస్తది" అని ఆమె రాజలింగుతో మురిసిపోయేది. రాజలింగు రబ్బరు బ్యాండ్లు సర్దుకునేవాడు.

బుచ్చవ్వ పొద్దున వచ్చి వంట ముగించి, మధ్యాహ్నానికి మౌలాలి బస్సెక్కి ఇంటికి పోతుంది. భూమికకు దారి అక్కడ దొరికింది. అవ్వ బస్సెక్కగానే కూరలన్నీ చూసేది. నీళ్లు పోసి, ఆలుగడ్డలు వేసి బాగయ్యేవాటిని బాగుచేసేది. బాగవ్వనివాటిని వెనక మోరీలో పారబోసి, తనే మళ్లీ వండేది. చదువుకున్న పిల్ల, రుచి చూసుకుంటూ వండేది, కూర బాగానే కుదిరేది. గొడవ లేదు, ఎవరికీ నొప్పి లేదు అనుకుంది.

"గిది మంచిగ లేదు భూమిక. ఆమె ముంగటనే చెప్పు" అన్నాడు రాజలింగు ఒకరోజు, పారబోసిన బగోన కడుగుతూ.

"బాధపడతదన్నా."

"గిట్ల పారబోసుడు చూస్తే బాధపడదా?"

"చూస్తే గదా. చూడనియ్యొద్దు."

"నువ్వు చేసేది ఆమె కోసమా, నీ కోసమా?" అన్నాడు. భూమిక అతని మీద చిరాకు పడింది. జవాబు లేని చోట మనందరికీ వచ్చే చిరాకే అది.

మర్నాడు పొద్దున బుచ్చవ్వ చెప్పులు విడుస్తూ అడిగింది, "నిన్న బెండకాయ పులుసు ఎట్ల పోయింది బిడ్డా?"

"ఒక్క ప్యాకెట్ మిగల్లేదవ్వా."

"నాకెరుకే. నిన్న ఎందుకో మంచిగ కుదిరినట్టే అనిపిచ్చింది" అని ఆమె సంతోషంగా కొంగు నడుముకు చుట్టుకుంది. ఆ నవ్వు చూసి భూమిక, చూశావా, ఎంత మంచి పని చేస్తున్నానో అని తనను తాను మెచ్చుకుంది. మనిషికి ఇంతకన్నా గుడ్డితనం ఉండదు. కాని ఆమెకు అప్పుడది దయ లాగే అనిపించింది.

ప్రొఫెసర్ నరహరి ప్రెజెంటేషన్ల రోజు ఖాయం చేశాడు. "ఆ రోజు లంచ్ మీ కర్రీ పాయింట్ నుంచే తెప్పిద్దాం భూమికా, మీ పని ఏంటో క్లాసంతా తిని చూస్తుంది" అని నవ్వాడు. భూమిక రాజలింగుకు చెప్పి, ఆటోలో గిన్నెలు తెమ్మంది. ఆ రోజు అవ్వ పెందలాడే వండి పోయాక, పప్పు, కూర అన్నీ తన చేత్తోనే మళ్లీ వండి పెట్టుకుంది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ రోజు బుచ్చవ్వ ఇంటికైతే పోయింది గాని అక్కడే ఉండిపోలేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని మళ్లీ వచ్చింది. "ఇన్నేండ్ల సంది గీ కాలేజీ పక్కనే వండుతున్న, లోపలికి ఒక్కనాడు పోలె. మన భూమిక మైకుల మాట్లాడుతదట, నేను గూడ చూస్త" అని రాజలింగుతో పాటు ఆటో ఎక్కింది. రాజలింగుకు వద్దనడానికి నోరు రాలేదు. ఆటోలో గిన్నెల మధ్య కూర్చొని, ఆమె దారిపొడుగునా చెట్లను, పాత బిల్డింగులను, నడిచిపోయే పిల్లలను వింతగా చూస్తూ వచ్చింది.

సెమినార్ హాల్లో భూమిక మాట్లాడుతోంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, చేతిలో మైకు. ఆన్‌లైన్ ఆర్డర్ల గురించి చెప్పింది. గాజు బీరువా ఫొటో చూపించింది. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, అసలు విషయానికి వచ్చింది. "మా టీమ్‌లో ఒక సీనియర్ ఎంప్లాయీ ఉంది. వయసైంది. ఆమె వంటలో ఉప్పు కంట్రోల్ పోయింది" అంది. "అట్లా ఇట్లా కాదు. ఒక కస్టమర్ ప్యాకెట్ తిరిగి తెచ్చి, అక్కా, ఇది పప్పా, ఊరగాయా అన్నాడు." ఆ మాట ఏ కస్టమరూ అనలేదు. అక్కడికక్కడ అల్లిందే. క్లాసు ఘొల్లున నవ్వింది. భూమికకు హుషారొచ్చింది. "ఆమెను తీసెయ్యొచ్చు. కాని లీడర్ అంటే మనసున్నవాళ్లు కదా. అందుకని ఆమెకు తెలియకుండానే ఆమె పని సరిచేశాం. ఆమె వెళ్లాక వండింది పారబోసి మళ్లీ వండుతాం. పొద్దున ఆమె అడిగితే, అన్నీ అమ్ముడుపోయాయి అంటాం. ఆమె ఖుష్, కస్టమర్ ఖుష్."

ముందు వరసలో కూర్చున్న స్నిగ్ధ చెయ్యెత్తింది. భూమిక రూమ్మేట్, సూటిగా అడిగే అమ్మాయి. "ఎప్పుడైనా ఆమెకు తెలిస్తే?"

"తెలియనివ్వం" అంది భూమిక, నవ్వుతూ. చప్పట్లు మోగాయి. నరహరి సార్ కూడా తల ఊపుతూ చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్ల మధ్య భూమిక చూపు తలుపు దాకా పోయింది. అక్కడ రాజలింగు నేలచూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు. అతని పక్కన, మంచి చీరలో, రెండు చేతులతో కూర గిన్నె పట్టుకొని బుచ్చవ్వ. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కాని ఆమె ముఖం చూస్తే అడగనక్కర్లేదు.

భూమిక చేతిలోంచి మైకు ఎవరో తీసుకున్నారు. నరహరి సార్‌కు ఏమీ తెలియదు పాపం. "రండి రండి, వంట చేసింది మీరేనా అమ్మా? లోపలికి రండి. భూమికా, క్లాసుకు పరిచయం చెయ్యి" అన్నాడు.

భూమిక నోరు తెరిచింది. "మా బుచ్చవ్వ. మా కర్రీ పాయింట్ మొదలైనప్పటి నుంచి..." అని అక్కడే ఆగిపోయింది. ఇప్పటిదాకా ఎవరి మీద నవ్వారో ఆ మనిషి ఎదురుగా గిన్నె పట్టుకొని నిలబడి ఉందని ఒక్కొక్కరికే అర్థమైంది. నవ్విన పిల్లలు తలలు దించుకున్నారు.

బుచ్చవ్వ లోపలికి వచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి, కొంగు నడుముకు బిగించి, వడ్డించడం మొదలుపెట్టింది. ప్లేటు పట్టుకొని వచ్చినవాళ్లకల్లా అన్నం, పప్పు, కూర. భూమిక దగ్గరికి పోయి, "నేను వడ్డిస్త అవ్వా" అంది. బుచ్చవ్వ గంటె ఇవ్వలేదు.

"గిది నేను వండిందేనా బిడ్డా?" అని అడిగింది, చిన్నగా, భూమికకే వినపడేట్టు.

చెప్పడానికి అదొక్క క్షణం దొరికింది. అంతా తెలిసిపోయాక, ఇక దాచడానికి ఏమీ మిగలని చోట కూడా భూమిక నోటికి అలవాటైన మాటే వచ్చింది. "నువ్వు వండిందే అవ్వా."

బుచ్చవ్వ ఆమె వైపు చూడలేదు. వరసలో ముందున్న స్నిగ్ధ ప్లేట్లో పప్పు వేసి, "జర తిని చెప్పు బిడ్డా. ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

స్నిగ్ధ ఇంత నోట్లో పెట్టుకొంది. మంచి చెయ్యబోయి, "సూపర్ ఉందవ్వా, కరెక్టుగ సరిపోయింది" అంది.

"గట్లయితే నాది కాదు" అంది బుచ్చవ్వ.

గంటెను గిన్నెలో మెల్లగా పెట్టి, కొంగు భుజం మీదికి లాక్కొని, హాలు బయట చెట్ల నీడలో నడుచుకుంటూ వెళ్లిపోయింది. రాజలింగు వెనకాల ఉరికాడు. భూమిక బల్ల దగ్గరే ఉండిపోయింది. ఆమె ప్రెజెంటేషన్‌కు ఆ రోజు క్లాసులో అందరికన్నా మంచి గ్రేడు వచ్చింది.

మర్నాడు బుచ్చవ్వ రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. భూమికే వండింది, రాజలింగు కట్టాడు. కూరల మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఒకరిద్దరు ముసలివాళ్లు మాత్రం, "అవ్వ లేదా?" అని అడిగి, ప్యాకెట్ తీసుకొని పోయారు. రాజలింగు అవసరమైన మాట తప్ప వేరే మాట మాట్లాడటం మానేశాడు.

జ్యోతిర్మయికి విషయం చేరింది. ఫోన్లో అరుస్తుందని భూమిక గుండె చిక్కబట్టుకుంది. ఆవిడ అరవలేదు. అదే ఎక్కువ నొప్పి పుట్టించింది.

"ఆమెకు ఉప్పు తెలుస్తలేదని నీకు ఎప్పటి సంది ఎరుక?"

"వచ్చిన కొత్తలనే అత్తా."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పరేషాన్ అయితవని."

"ఆమెకు చెప్తే ఆమె బాధపడతది, నాకు చెప్తే నేను పరేషాన్. మరి నువ్వు లీడర్‌వి ఎట్లయినవ్ బిడ్డా?" అంది జ్యోతిర్మయి. "ఫుట్‌పాత్ మీద పోలీసాయన బల్ల తన్నినప్పుడు నా ముంగట నిలబడింది ఆమె. ఆమె రాకుంటే షట్టర్ దించెయ్. రాజలింగుకు ఇంకో జాగల పని చూస్త. ఆమెను అవమానం చేసి నడిపే దుకాణం నాకొద్దు."

ఫోన్ పెట్టేశాక భూమిక వెనక మోరీ దగ్గర నిలబడి ఏడ్చింది. ఏడుపు ఆగాక నరహరి సార్ దగ్గరికి పోయింది. తప్పు చేశాననీ, ఆ గ్రేడు తనకొద్దనీ చెప్పింది. ఆయన అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చప్పట్లు కొట్టినవాణ్ని నేను కూడా" అన్నాడు. "గ్రేడు సంగతి తర్వాత. ఇదంతా ఆమెతో చెప్పావా?" చెప్పలేదు. "మరి ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు.

ఇక తప్పదు. ఆటోలో మౌలాలి దాకా భూమిక మాటలు వల్లెవేసుకుంటూ పోయింది. ముందు క్షమించమనాలి. తర్వాత దాచకుండా, ముఖం మీదే, ఉప్పు ఎక్కువవుతోందని చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పలేని ఆ ఒక్క మాట చెప్పేస్తే చాలు, అవ్వ తిట్టినా పడొచ్చు అనుకుంది.

గుట్ట కింద సందులో బుచ్చవ్వ ఇల్లు. కోడలు బాలలక్ష్మి గడపలో మిర్చి తొడిమెలు తీస్తోంది. బుచ్చవ్వ మంచం మీద కూర్చొని ఉంది. భూమికను చూసి తిట్టలేదు. "రా బిడ్డా, కూసో" అంది, వచ్చిన చుట్టానికి చెప్పినట్టు. ఆ మర్యాద భూమికకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"అవ్వా, నన్ను మాఫ్ చెయ్యి. నేను చేసింది మస్తు తప్పు" అంది. నేల మీద కూర్చుండిపోయింది.

బుచ్చవ్వ ఆమె ముఖంలోకి చూసింది. "తిన్నవా?"

"తిన్ననవ్వా."

"నీ మొఖం చూస్తే తిన్నట్టు లేదు. ఇంకా అబద్ధాలేనా?" అని కోడలి వైపు తిరిగి, "బాలలక్ష్మీ, పిల్లకు అన్నం పెట్టు" అంది.

అన్నం, బీరకాయ పప్పు వచ్చాయి. బుచ్చవ్వ ఎదురుగా కూర్చొని చూస్తోంది. భూమిక అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది, మింగింది.

"ఎట్లున్నది?" అంది బుచ్చవ్వ.

ఇదే ఆ క్షణం అనుకుంది భూమిక. ఈసారి చాయ్ మాట తేలేదు. తల ఎత్తి, అవ్వ కళ్లల్లోకి చూసి, "ఉప్పు ఎక్కువైందవ్వా. తినస్తలేదు" అంది. అనేసింది. ఇన్ని రోజుల భారం దిగిపోయినట్టయింది. తనలో కూడా ధైర్యం ఉందనిపించింది.

గడపలోంచి బాలలక్ష్మి లేచి వచ్చింది. "ఉప్పెక్కువయిందా? నేను ఉప్పే వెయ్యలే గద. అత్తమ్మకు బీపీ అని డాక్టర్ చెప్పిన కాడికెల్లి మా ఇంట్ల ఎవ్వలం ఉప్పు తింటలేము" అంది, అయోమయంగా.

భూమిక చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"గీ పప్పు నేను వండలే బిడ్డా" అంది బుచ్చవ్వ. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "అప్పుడు నా మొఖం చూసి మంచిగున్నది అన్నవ్. గిప్పుడు గూడ నా మొఖం చూసే ఉప్పెక్కువ అంటున్నవ్. కూర తిని ఎప్పుడు చెప్తవ్?"

భూమికకు సెమినార్ హాల్లో తలుపు దగ్గర ఆమెను చూసినప్పుడు కలిగిన సిగ్గు కన్నా ఇది లోతుగా దిగింది. అప్పుడు తాను చేసిన పనికి సిగ్గుపడింది. ఇప్పుడు తన ధైర్యానికే సిగ్గుపడింది. క్షమాపణ కూడా పరీక్షకు చదువుకున్నట్టు చదువుకొని వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషినీ చూడలేదు, నోట్లో ఉన్న ముద్దనూ చూడలేదు.

"మల్ల తిను" అంది బుచ్చవ్వ.

తింది. మెల్లగా నమిలింది. "చప్పగున్నదవ్వా" అంది, కన్నీళ్లు కారుతుంటే. "ఉప్పే లేదు."

"ఆఁ. నాకు గూడ గట్లనే ఉంటది. ఇంట్ల తిన్నా గంతే, దుకాణంల తిన్నా గంతే. బీపీ కూరలు తిని తిని నోరు అలవాటు తప్పిందేమో అనుకున్న. వాసన పోయిందని అనుమానం ఉండె. అందుకే నిన్ను పొద్దుగాల్నే అడుగుతుంటి, కూర ఎట్ల పోయిందని. నువ్వు మంచిగ పోయిందంటే, నా ముక్కు మంచిగనే ఉన్నదని ధైర్యం తెచ్చుకుంటి." బుచ్చవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "నువ్వు ఆ దినమే చెప్తే ఒక్కనాడు ఏడుద్దును బిడ్డా. గందరి ముంగట నవ్వులపాలు కాకపోదును."

బాలలక్ష్మి లోపలికి వెళ్లిపోయింది. భూమిక ఆ చప్పటి అన్నమంతా మెతుకు మిగల్చకుండా తింది. లేచి, చెయ్యి కడుక్కొని, బతిమాలడానికి మాటలు వెతుక్కుంటుంటే బుచ్చవ్వే అంది, "రేపు వస్త. జ్యోతి మొఖం చూసి వస్త, నీది కాదు. కూర నేనే వండుత. ఉప్పు మాత్రం నువ్వెయ్యి. నా ఎనక కాదు. నా ముంగట ఎయ్యి."

పొద్దున బుచ్చవ్వ వచ్చింది. రాజలింగు ఆమె చెప్పులు తీసి పక్కకు పెట్టాడు. దోసకాయ పప్పు పొయ్యి మీద ఉడికింది. ఆమె అలవాటుగా మూత తీసి, ఆవిరి మీదికి వంగింది. వంగి, మధ్యలోనే ఆగి, వెనక్కి జరిగింది. ఆ దుకాణంలో ఆమె పొయ్యి ముందు నుంచి జరిగి ఇంకొకరికి చోటివ్వడం రాజలింగు ఎప్పుడూ చూడలేదు. అతను ముఖం తిప్పుకున్నాడు.

"ఎయ్యి" అంది బుచ్చవ్వ.

భూమిక ఉప్పు వేసింది. కలిపింది. ఒక చుక్క అరచేతిలో వేసుకొని, ఊది, నాకి చూసింది. ఏదో చెప్పబోయి ఆగి, ఇంకొంచెం ఉప్పు వేసి కలిపి, మళ్లీ చూసింది. బుచ్చవ్వ కదలకుండా ఎదురుచూస్తోంది. ఇకమీదట ఈ నాలుక చెప్పిందే ఆమె నమ్మాలి. రోజూ పొద్దున తనతో అబద్ధమాడిన నాలుక అదే. ఆమెకు వేరే నాలుక లేదు.

"సరిపోయిందా?" అంది బుచ్చవ్వ.

"సరిపోయిందవ్వా."

బుచ్చవ్వ వెంటనే నమ్మలేదు. భూమిక ముఖంలోకి చాలాసేపు చూసింది. భూమిక ఆ చూపును తప్పించుకోకుండా నిలబడింది.

"రాజలింగూ, బగోన దించు" అంది బుచ్చవ్వ.